స్వర్ణ కొట్టిన గోలు

బిట్రగుంట,
ఫిబ్రవరి 9, 2025, ఆదివారం.

చెల్లి స్వర్ణకు,

అక్క అబిగయీలు ప్రేమతో రాయునది. ఇక్కడ మీ అమ్మ, మేము, గ్రౌండు పిల్లలు అందరం దేవుని దయవల్ల బాగున్నాం. చెన్నై హాస్టల్లో నీకు వేళకు అన్నం, కంటికి నిద్ర ఉన్నాయని ఆశ. మ్యాచ్ అయినప్పటినుంచి నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న చేపల గంప ఖాళీ అయ్యాక మీ అమ్మ పేరమ్మ మా రైల్వే క్వార్టర్స్‌కు వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా గడప మీద కూర్చుని, "బెంగళూరు క్లబ్బోళ్లు పిలిచినా పిల్ల పోనంటా ఉండాది తల్లీ. అక్క జాలిపడి వదిలిపెట్టిన గోలు చూసి పిలిచినారు, ఏ మొహం పెట్టుకుని పోయేది అంటా ఉండాది" అని కళ్లు ఒత్తుకుంది. టీ పెట్టి ఇచ్చాను.

మా క్లబ్బువాళ్లన్న మాట నీ చెవిదాకా వచ్చిందన్నమాట. ఆట ముగిసేముందు మధ్యగీత దగ్గర బంతి అందుకుని నువ్వు నన్ను దాటి గోలు కొట్టావు. దాంతో మీ జట్టు గెలిచింది, మా నెల్లూరు జట్టువాళ్లం లీగులో కింది డివిజన్‌కు దిగిపోయాం. తిరుగు రైల్లో అందరూ నాకు దూరంగా కూర్చున్నారు. గూడూరు దాటాక మా క్లబ్బు సెక్రటరీ విజయభాస్కర్ గారు వచ్చి ఎదురు సీట్లో కూర్చున్నారు. "ఇన్నేళ్లు వెనక గోడ మాదిరి నిలబడినావమ్మా. నీ దగ్గర నేర్చుకున్న పిల్లని చూసేసరికి వదిలేస్తివి. ముందే చెప్పుంటే ఇంకొకరిని నిలబెట్టుకునేవాణ్ణి గదా" అన్నారు. గొంతు పెంచలేదు. నేను కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. వచ్చే సీజనుకు ఆట మానేసి పిల్లలకు నేర్పడం వరకే చూసుకోమన్నారు. సరేనన్నాను.

అలసిపోయాను స్వర్ణా. పొద్దున్నే గ్రౌండులో గేదెలను తోలి మీకు నేర్పడం, ఆ తర్వాత కావలి స్కూల్లో డ్రిల్లు, సాయంత్రం నెల్లూరు రైలెక్కి నా ప్రాక్టీసు. రైల్లోనే మడమకు బ్యాండేజీ చుట్టుకునేదాన్ని. ఎవరైనా అడిగితే జారిపడ్డానని చెప్పేదాన్ని. ముప్పై ఆరేళ్ల ఆడది ఫుట్‌బాల్ ఆడుతుందంటే ఇంకో నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, అంత ఓపిక లేదు. మ్యాచ్ నుంచి ఇంటికొచ్చాక మా ఆయన, మీ టైటస్ అన్న, నా బూట్లు కడిగి ఎండలో పెట్టాడు. ఆరాక లోపల పెట్టేదా అని మాత్రం అడిగాడు.

మన సరుగుడు కట్టెల గోల్‌పోస్టు ఒకటి మొన్నటి గాలికి ఒరిగింది. మీ పాళెం నుంచి కొత్తగా ఇద్దరు పిల్లలు వస్తున్నారు. చెప్పులు విప్పి పరిగెత్తుతామంటున్నారు, నువ్వూ అంతే కదా. ఇసుకలో అంత వేగంగా పోయే పిల్లకు గట్టి నేల దొరికితే ఎట్లా ఉంటుందో అని నిన్ను మొదట చూసిన రోజే అనుకున్నాను.

బెంగళూరు వెళ్లు. ఎవరి మాటలూ మనసులో పెట్టుకోకు. రొయ్యల పచ్చడి పంపుతున్నాను. మీ అమ్మ ఎండుచేపలు కూడా కట్టింది గానీ, హాస్టల్లో వాసనకు గొడవవుతుందని నేనే ఉంచేశాను.

ఇట్లు,
నీ అక్క,
అబిగయీలు

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ విప్పాను. చెప్పాల్సిన మాట రాయనే లేదు. నేను నిన్ను వదల్లేదు. బంతి అందగానే నువ్వు ఎటు తిరుగుతావో నాకు తెలుసు. అటే పరిగెత్తాను, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తాను. చొక్కా పట్టి లాగైనా పడగొడదామనుకున్నాను. ఎర్రకార్డు చూపిస్తే చూపించనీ అనుకున్నాను. చెయ్యి చాపాను, అందలేదు. చేతకాలేదని అనిపించుకోవడంకన్నా వదిలేసిందని అనిపించుకోవడం తేలికగా తోచి రైల్లో నోరు మూసుకున్నాను. ఆ మాట నీదాకా వచ్చి నీ కాళ్లకు అడ్డం పడుతుందనుకోలేదు. రేపు విజయభాస్కర్ గారికీ ఈ మాటే చెబుతాను. నిన్ను ఆపాలనే చూశాను స్వర్ణా. నా వల్ల కాలేదు.