క్లెమ్ దారి తప్పిన ఊళ్ళు

మార్చి 4, 2019, సోమవారం

మా ఆయన క్లెమ్ పేరున ఇటలీ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. పోస్టు తెచ్చే రెలీన్ మోటారు సైకిలు మీంచే సంతకం పెట్టమని కాగితం చాచింది. అప్పుడు పేరు చూసి నాలిక కరుచుకుంది. క్షమించు గ్లెనిస్, చూసుకోలేదు, వెనక్కి పంపేయమంటే పంపేస్తాను అంది. అక్కర్లేదన్నాను. ఆ గాలిలో గేటు దగ్గరే నిలబడి విప్పాను.

జరిమానా. ఆ దేశంలో పాత ఊళ్ళ నడిబొడ్డుకి బయటివాళ్ళ కార్లు పోకూడదు. కోటగుమ్మం దగ్గర ఎర్ర గుండ్రం బోర్డు ఉంటుంది, పైన కెమెరా ఉంటుంది. పోయిన సెప్టెంబరు 9న మధ్యాహ్నం 12:17కి, ఓర్వియేతోలో, క్లెమ్ తీసుకున్న అద్దెకారు ఆ బోర్డు దాటి లోపలికి వెళ్ళిందట. ఇన్ని నెలల తర్వాత, ఇంత సముద్రం దాటి, బర్నీలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది కాగితం.

ఓర్వియేతో. 12:17. మూడుసార్లు చదివాను. ఆ వేళకి తను అక్కడున్నాడు. ఆ సంగతి నాకివాళే తెలిసింది.

మార్చి 5

ఇది ఎవరూ చదవరు కనుక ఉన్నదున్నట్టు రాస్తాను.

రెండేళ్ళు కూర్చుని ఆ ప్రయాణం ప్లాన్ చేసింది నేను. రెండు చలికాలాలు మా భోజనాల బల్ల మీద ఇటలీ మ్యాప్ పరిచే ఉంది, దాని మీదే తినేవాళ్ళం. రోమ్‌లో దిగడం, కారు తీసుకోవడం, తార్క్వీనియా సమాధులు, ఓర్వియేతో, వోల్తెర్రా, లుక్కా, మళ్ళీ కిందికొచ్చి పేస్టుమ్ గుళ్ళు. ఏ శిథిలం దగ్గర ఎంతసేపు, ఏ ఊళ్ళో కారు ఎక్కడ పెట్టాలి, అన్నీ నోటుబుక్కులో రాశాను. క్లెమ్‌కి మ్యాప్ చదవడం రాదు. నలభై ఒక్క ఏళ్ళు తను నడిపాడు, నేను దారి చెప్పాను. నల్లార్బర్ ఎడారిలో ఉన్నది ఒక్కటే రోడ్డు, అక్కడా అడిగాడు. ఫోన్లో దారి చెప్పే గొంతంటే పడదు.

బయల్దేరడానికి తొమ్మిది రోజుల ముందు బౌలింగ్ క్లబ్బులో డిన్నరు. చేతిలో గ్లాసు పట్టుకుని క్లెమ్ అందరికీ ప్రయాణం గురించి చెబుతున్నాడు. నడిపేది నేనే, గ్లెన్ పక్కన కూర్చుని కాగితం చూసి అరుస్తుంది, అదే ఆవిడ పని, అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. క్లెమ్ స్నేహితుడు నెవిల్ అయితే బల్ల గుద్ది మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి, అయితే ఆ అరుపులు లేకుండానే వెళ్ళి రా, నేను రాను, అన్నాను.

తమాషాకి అంటున్నాననుకున్నాడు. నాలుగు రోజులకి తమాషా కాదని తెలిసింది. బతిమాలాడు కూడా. నేను దిగిరాలేదు. నాకు అరవయ్యేడేళ్ళు, పంతం మాత్రం ఆరేళ్ళ పిల్లది. ఏర్‌పోర్టులో దింపింది మా అమ్మాయి బ్రోన్. లోపలికి వెళ్తూ నాన్న రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడని తరవాత చెప్పింది.

అక్టోబరు 2న వచ్చాడు. మర్నాడు పొద్దున్నే బల్ల మీద మ్యాప్ పరిచి, రా గ్లెన్, ఏం జరిగిందో చెబుతా, అన్నాడు. పొయ్యి మీద సూప్ ఉందన్నాను. మర్నాడు బట్టలు ఆరేయాలన్నాను. ఆ మర్నాడు అసలు జవాబే చెప్పలేదు. తను ఫోటోలు తీసే మనిషి కాదు, చెబితేనే తెలియాలి. పదకొండు రోజులు మ్యాప్ అలాగే పరిచి ఉంచాడు. పదమూడో తారీకు శనివారం బంతులు దొర్లించి ఆడే క్లబ్బు పచ్చిక మీద, బంతి చేతిలో ఉండగానే, గుండె ఆగి పడిపోయాడు.

తను చెబుదామనుకున్నది నేను వినలేదు. అంతే.

మార్చి 6

మ్యాప్ బయటికి తీశాను. ఓర్వియేతో పక్కన పెన్సిల్‌తో రాశాను: 9, 12:17.

మార్చి 19

బ్రోన్ హోబర్ట్ నుంచి ఫోన్ చేసింది. పోయినవాళ్ళ మీద జరిమానా చెల్లదమ్మా, డెత్ సర్టిఫికెట్ ఒకటి పంపు, ఫైలు మూసేస్తారు అంది. కట్టేశాను అన్నాను. నీకేమైనా మతి పోయిందా అంది.

మూసేస్తే ఎలా? ఇలాంటివి పంపడానికి వాళ్ళకి ఏడాది వరకూ టైముంటుందని చదివాను. క్లెమ్ ఇంకా ఎన్ని గుమ్మాల్లో దూరాడో ఎవరికి తెలుసు. మనిషి పోయాడని రాస్తే ఇంక పంపరు. ఈ మాట బ్రోన్‌కి చెప్పలేదు.

ఏప్రిల్ 11

రెండోది వచ్చింది. అరెట్సో, సెప్టెంబరు 11, మధ్యాహ్నం 3:40.

ఒళ్ళు మండిపోయింది. అరెట్సో మా ప్లాన్‌లోనే లేదు. రెండేళ్ళు కళ్ళు పోయేలా చదివి వోల్తెర్రా అని రాసుకుంటే ఈ పెద్దమనిషి అరెట్సో పోయాడు. వంటింట్లో పైకే తిట్టాను.

తరవాత కళ్ళజోడు పెట్టుకుని మ్యాప్ చూశాను. ఓర్వియేతో నుంచి పెద్దరోడ్డు మీద పైకి పోతూ, సియెనా వైపు ఎడమకి దిగిపోవాలి. దిగలేదు. సియెనా బోర్డు దాటిపోయి, కంగారుపడి, తరవాత ఎక్కడ దిగే వీలుంటే అక్కడ దిగాడు. అలా చేరాడు అరెట్సో. నేనుంటే రెండు కిలోమీటర్ల ముందే చెప్పేదాన్ని. అవును, అరిచే చెప్పేదాన్ని.

ఏప్రిల్ 12

వెళ్తాను. సెప్టెంబరులో, అవే తారీకుల్లో.

మే 2

నోటుబుక్కు మళ్ళీ తెరిచాను. పాత ప్లాన్ బాగుంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. దాన్ని కొట్టేసి కొత్తది రాశాను. 9న ఓర్వియేతో, 11న అరెట్సో. మధ్యలో 10 ఖాళీ. ఎక్కడ పడుకున్నాడో, ఏం తిన్నాడో తెలియదు. పాస్తా తింటే కడుపు ఉబ్బుతుంది తనకి.

బ్రోన్ శనాదివారాలకి వచ్చి పుస్తకం చూసింది. అరెట్సోలో ఏముందమ్మా, శిథిలాలు చూడాలంటే ఇంకా మంచివి బోలెడున్నాయిగా, అంది. మీ నాన్న ఉన్నాడు అన్నాను. ఆ ఉత్తరాలు అప్పుడు చూపించాను. చాలాసేపు చదివింది. చదివి, టీ పెడతానని లేచి, కెటిల్ ఆన్ చెయ్యకుండానే అక్కడ నిలబడిపోయింది.

మే 20

మోటారు క్లబ్బుకి వెళ్ళి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నాను. కౌంటర్లో పిల్ల నడిపేది ఎవరని అడిగింది. నేనే అన్నాను. నాకు లైసెన్స్ ఉంది, కానీ సూపర్‌మార్కెట్టు దాటి నడిపింది లేదు. అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, జాగ్రత్తండీ అంది.

ఇంటికొచ్చి షెడ్డులో కారెక్కాను. అలవాటుగా ఎడమ సీట్లోనే కూర్చున్నాను. ఇక్కడ స్టీరింగు కుడివైపు, నా చోటు ఎప్పుడూ ఎడమవైపే. అక్కడి కార్లలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. అంటే నలభై ఒక్క ఏళ్ళు నేను కూర్చున్న వైపే అక్కడ డ్రైవరు కూర్చుంటాడు. క్లెమ్ మూడు వారాలు నా వైపు కూర్చుని నడిపాడు. తను ఎప్పుడూ కూర్చునే వైపు ఖాళీగా ఉంది.

గాలిలో చేతులు తిప్పుతూ కాసేపు ప్రాక్టీసు చేశాను. తరవాత ఏడుపొచ్చింది. పక్కింటి కుక్క మొరిగేదాకా ఏడ్చాను.

జూన్ 17

ఒకేసారి నాలుగు ఉత్తరాలు. నాలుగు సంతకాలు పెట్టించుకుంటూ రెలీన్, మీ ఆయన ఎవరి మీదైనా మనసు పారేసుకున్నాడేమో అక్కడ, కనుక్కో, అంది. నవ్వాను. చాలా రోజులకి ఒకరు క్లెమ్ మీద జోకేశారు.

నాలుగూ లుక్కా నుంచే. నాలుగూ సెప్టెంబరు 14వే. ఒకటే గుమ్మం.

10:52
11:06
11:21
11:38

మొదట కంప్యూటర్ తప్పేమో అనుకున్నాను. ఊరి మ్యాప్ ప్రింటు తీసి చూశాను. చుట్టూ గోడ, లోపల అన్నీ సన్న సందులు, సగం ఒకవైపే పోయేవి. లోపలికి పోయాడు, తప్పని తెలిసింది, బయటపడ్డాడు, గోడ చుట్టూ తిరిగాడు, మళ్ళీ అదే గుమ్మంలోకి వచ్చిపడ్డాడు. అలా నాలుగుసార్లు. లుక్కాలో కారు ఎక్కడ పెట్టాలో నా నోటుబుక్కులో ఉంది, గోడ బయటే, ఎర్రసిరాతో గీత గీసి మరీ రాశాను. ఆ పుస్తకం తనకి ఇవ్వలేదు. బట్టల బీరువాలో దాచేశాను.

ఇదివరకు ఇది ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను.

జూన్ 18

నలభై ఆరు నిమిషాలు.

జూలై 6

నెవిల్ వచ్చాడు. క్లెమ్ పోయాక మా గడప తొక్కడం ఇదే మొదలు. స్కోన్లనే చిన్న తీపి రొట్టెలు తెచ్చాడు, అవి వాళ్ళావిడ చేసినవి. బల్ల మీద మ్యాప్ చూశాడు, లుక్కా పక్కన నాలుగు టైములు చూశాడు, తల దించుకున్నాడు. ఇది నాకు తెలుసు గ్లెనిస్, వాడు చెప్పాడు, అన్నాడు.

చెప్పాడట. ఆ పదకొండు రోజుల్లో, క్లబ్బులో, నెవిల్‌కి. నాకు చెప్పాల్సింది నెవిల్‌కి చెప్పాడు. ఒక్క క్షణం ఇద్దరి మీదా కోపంతో చెవులు వేడెక్కాయి. చెప్పు, మొత్తం చెప్పు, ఒక్క ముక్క వదిలినా ఊరుకోను, అన్నాను.

నాలుగోసారి లోపలికి వచ్చాక క్లెమ్ ఒక చర్చి ముందు కారు ఆపేశాడట. వెనక హారన్లు మోగుతున్నాయి. ఎవరో ముసలాయన సైకిలు మీద వచ్చి బానెట్ మీద చరిచి ఏదో తిట్టాడు. క్లెమ్‌కి ఏమీ తోచలేదు. అలవాటుకొద్దీ పక్క సీటు వైపు తిరిగి, ఇప్పుడెటు గ్లెన్, అన్నాడట.

మమ్మల్ని నవ్విద్దామనే చెప్పాడు గ్లెనిస్, కానీ మాకెవరికీ నవ్వు రాలేదు, అన్నాడు నెవిల్. క్లబ్బులో ఆ రోజు అన్న మాటకి వాడు కుమిలిపోయాడట. గ్లెన్ అడిగితే అదీ చెప్పి కాళ్ళు పట్టుకుంటా, అడగడం లేదే, అనేవాడట. ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదురా అన్నాను. నెవిల్‌ని రా అనడం జీవితంలో ఇదే మొదలు. నీ మొహం చూస్తే నోరు పెగల్లేదు, ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది నేనేగా, అన్నాడు.

స్కోన్లు ఇద్దరం తిన్నాం. బాగా ఎండిపోయాయి.

ఆగస్టు 10

బ్రోన్ తనూ వస్తానంటోంది. నువ్వు కూర్చో అమ్మా, నేను నడుపుతా, ఫోన్ దారి చెబుతుంది, ఇద్దరం హాయిగా చూసొద్దాం, అంది. వద్దన్నాను. నీ పంతమే నాన్నని ఒంటరిగా పంపించింది, ఇప్పుడు నిన్నూ పంపిస్తోంది, అంది. నిజమే. ఫోన్ పెట్టేసింది. పది నిమిషాలకి మళ్ళీ చేసి, ఇన్సూరెన్స్ ఫుల్‌గా తీసుకున్నావా అని అడిగింది.

ఆగస్టు 30

ఇంకే ఉత్తరమూ రాలేదు. రెలీన్ దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోతోంది. ఏడాది దాటబోతోంది, ఇక రావేమో.

పేస్టుమ్ వెళ్ళాడో లేదో తెలియదు. తనకి అన్నిటికన్నా చూడాలని ఉన్నది అదే, ఆ మూడు గుళ్ళు. నెవిల్‌కీ చెప్పలేదట. క్లెమ్ తప్పు చేసిన చోటే నాకు కనబడుతున్నాడు. సరిగ్గా వెళ్ళిన రోజులు ఒక్కటీ కనబడటం లేదు. ఎక్కడైనా ఒక చెట్టు కింద కూర్చుని, చల్లగా ఏదైనా తాగి, సంతోషంగా ఉన్న పూట ఒక్కటైనా ఉండి ఉంటుంది కదా. అది కెమెరాకి చిక్కదు. నేను అడిగి ఉంటే తెలిసేది.

సెప్టెంబరు 5

సర్దడం అయింది. బ్రోన్ దింపింది. గట్టిగా పట్టుకుంది.

సెప్టెంబరు 9, ఓర్వియేతో

కారు కొండ కింద పెట్టి నడిచి వెళ్ళాను. 12:17కి ఆ బోర్డు ముందు నిలబడ్డాను. పక్కన ఒకావిడ దుప్పటి దులుపుతోంది.

సెప్టెంబరు 11, అరెట్సో

సియెనా బోర్డు వచ్చింది. కావాలనే దాటేశాను. నిన్నటి తారీకున ఎక్కడ పడుకున్నాడా అని దారంతా హోటళ్ళ కిటికీలు చూస్తూ వచ్చాను. ఈ ఊరు బాగుంది క్లెమ్. ప్లాన్‌లో పెట్టాల్సింది.

సెప్టెంబరు 14, శనివారం, లుక్కా

10:52. ఎర్ర గుండ్రం దూరం నుంచే కనబడింది. ఆపి, చదివాను. లోపలికే పోనిచ్చాను.

నాలుగుసార్లు.

వచ్చే ఏడాది ఉత్తరాలు నా పేరున వస్తాయి.