గోడ తీసిన దారి

అన్నయ్యకు,

అమ్మాయి దగ్గర నుంచి తిరిగొచ్చి, చూసి నువ్వు ఇల్లు పీకి పందిరేసే లోపు నేనే చెప్పేస్తున్నాను. మన రెండిళ్ల మధ్య గోడ పడగొట్టించాను.

పెరట్లో నేను కడుతున్న ఇంటికి కంకర తెచ్చిన లారీ పోయిన వారం వానకి గోడ పక్క సందులో ఇరుసు దాకా దిగబడి, ఆ గోడ మీదికే ఒరిగింది. "ఎంత వానొచ్చినా బండి నడిచే దారి ముందు, ఇల్లు తర్వాత" అని మేస్త్రీ పని ఆపేశాడు. దారికి ఇంకాస్త వెడల్పు కావాలి, అడుగున పరవడానికి ఇటుక ముక్కలు కావాలి. గోడ తీస్తే రెండూ దొరికాయి.

అడిగితే కాదంటావు, అడక్కపోతే గొడవంటావు. గొడవే నయమనుకున్నాను. అసలు ఆ గోడ ఎందుకు లేచిందో ఇద్దరికీ తెలుసు, అదిప్పుడు తవ్వుకోవద్దు.

వచ్చాక నోరారా తిట్టు, పడతాను. మళ్లీ గోడ కట్టమంటే కొత్త ఇటుకలతో కట్టిస్తాను. కాకపోతే ఆ మాట అనేముందు వదినని ఒకసారి అడుగు. నిన్న జోరువానలో, చెప్పులకి బురద అంటకుండా ఆ దారినే నడిచొచ్చి, గోడ లేచాక మొదటిసారి మా వంటింట్లో కూర్చుని, "ఏమే, టీ పెట్టవా?" అని నీ మరదలిని అడిగింది.

నీ తమ్ముడు