ఏడోసారి పోసిన నీళ్లు

సన్నీవేల్, 2011 అక్టోబర్, మంగళవారం

ఈ సాయంత్రం నోరు జారాను. ఆఫీస్‌లో నాతో పనిచేసే చైనా స్నేహితుడు లిన్ కాచి ఇచ్చినప్పుడు, వాళ్ల దేశపు పూయర్ టీ చేదు క్షణంలో గొంతులో తీపిగా మారింది. వేసవిలో అతను వాళ్ల మామయ్య కొండమీదిదని చెప్పి ఇచ్చిన, ఆకు అదిమి చేసిన టీ బిళ్ల ఈరోజు ఇంట్లో విప్పి కాస్తే ఏదో ఘాటు. వెంటనే ఫోన్ చేసి, "ఇది నిజంగా మీ మామయ్య కొండమీద ముసలి చెట్ల ఆకేనా?" అని అడిగేశాను. "రేపు మాట్లాడదాం" అని అతను ఫోన్ పెట్టేశాడు.

మా ఆవిడ కప్పు వాసన చూసి, "ఇన్నాళ్లూ ఇంగువ డబ్బా పక్కనే పెట్టారు కదండీ, టీ ఆకు ఆ వాసన పీల్చుకోదూ?" అంది.

పారబోయలేదు. అదే ఆకు మీద మళ్లీ మళ్లీ వేడినీళ్లు పోశాను. ముసలి చెట్లది కాక, కొత్తగా వేసిన తోటల ఆకయితే నాలుగోసారికే చప్పబడేది. ఏడోసారికి ఇంగువ పోయి, ఆ తీపి వచ్చింది.

రేపు కంప్యూటర్ తెరవకముందే లిన్ సీటు దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుంటాను. ఇంగువ మీదికి మాత్రం నెట్టను.