ఇత్తడి ఉమ్మెత్తపువ్వు

పలమనేరు,
డిసెంబరు 1946.

చెల్లీ జ్ఞానాంబా,

పాకాలలో నీ మోకాళ్లు నీ మాట వింటున్నాయా? ఇక్కడి చలికి నావి మానేశాయి. అక్క ఆశీస్సులు.

నా కొడుకు ధనంజయ చెన్నపట్నం నుంచి కొత్త గ్రామఫోను తెచ్చాడు. దానికి బూరా లేదు. మూత వేస్తే ట్రంకుపెట్టె, తీస్తే పాటకచేరీ. మీ బావగారు కొన్న పాతదాని ఇత్తడి బూరాను, ఆ ఉమ్మెత్తపువ్వును, ఆదివారం పాత్రల వెంకటమునికి తూకానికి ఇచ్చేస్తాడట.

"సగం గది అదే మింగేస్తాండాదమ్మా! పాడేవాళ్లకి జలుబు చేసినట్టుంటాది. మృదంగం రేకుడబ్బా మాదిరి మోగతాది. పక్కన కూర్చుంటే ఏమీ తెలీదు, ఎదురుగా కూర్చుంటే చెవులు పోతాయి" అన్నాడు. ఎదుట నిలబడి అరిచాడు కనుక విన్నాను. కోడలు పంకజాక్షి అయితే వీధి వినకుండా దాని నోట్లో పాతచీర కుక్కేది. వాళ్లన్నవన్నీ నిజమే. కానీ నా చెవులు ముందే పోయాయి. ఈ సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను.

కొత్త పెట్టె పాడితే నాకు ముల్లు గీసుకునే చప్పుడైనా అందదు. బూరా ఎదుట కూర్చుంటే సాహిత్యంలో ఒక్క అక్షరం జారదు. వెనకనుంచి పిలిస్తే పలకలేనని చేతిలో జపమాల పట్టుకు తిరుగుతున్నాను. జపంలో ఉందని వదిలేస్తారు. నా భక్తిని వీధంతా మెచ్చుకుంటోంది. మనవరాలు వసంతకు సంగీతం మాత్రం దాని పెదవులూ గొంతు నరాలూ చూసి నేర్పుతున్నాను. తెలిస్తే రేపే ఒక భాగవతారును పెడతారు. ఆ పాఠం పోతే ఈ ఇంట్లో నాకు మిగిలేది పప్పులో ఉప్పు చూడడమే. బూరాను పోనివ్వను. ఎలాగో ఇంకా తోచలేదు.

నీ అక్క
ఆనందమ్మ


పలమనేరు,
సోమవారం.

గెలిచిన అక్క రాస్తోంది, జ్ఞానాంబా!

నిన్న వెంకటముని తక్కెడతో వచ్చాడు. ధనంజయ బూరా ఊడదీసి అరుగుమీద పెట్టాడు. దాని సన్నమొన చూడగానే నాకు తోచింది. చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

"వసంతా, ఈ పువ్వులోకి పాడవే."

"పిచ్చి పట్టిందా అవ్వా నీకు?"

ఆ మాట ఎంత స్పష్టంగా వినపడిందనుకున్నావు! తిట్టించుకుని ఇంత సంతోషించడం నాకిదే మొదలు. పిల్ల కల్యాణి వర్ణం ఎత్తుకుంది. పల్లవి దాటకముందే పట్టుకున్నాను.

"మధ్యమం యాడికి పోయిందే? కల్యాణిని తీసకపోయి శంకరాభరణం ఇంట్లో దించినావు!"

వసంత నాలుక కరుచుకుంది. "దినామూ ఇట్లే పాడతాండాను గదవ్వా. నువ్వేమీ అనలేదే?"

"వినపడలేదు గనక" అన్నాను, అందరి ముందూ.

ధనంజయ గబుక్కున కూలబడి బూరాలోకి వంగాడు. "మాకెందుకు చెప్పలేదమ్మా?" వాడి గొంతులో వణుకు కూడా అందింది, చెల్లీ. ఎన్నాళ్లయిందో అలాంటిది విని. నేనూ కరిగిపోయేదాన్నే, తమాయించుకున్నాను.

"పువ్వులోకి అరవొద్దురా. మెల్లగా చెప్పినా చాలు."

వెంకటముని తక్కెడ చుట్టేసుకున్నాడు. "పెట్టుకో తల్లీ, నేనింకో ఇంటికి పోతా."

భాగవతారు ఊసే లేదు. పాఠం నాదే. సాయంత్రం కొత్త పెట్టె దగ్గర బూరా పెట్టుకుని విన్నాను. రికార్డులో మోగే మృదంగం కూడా తోలుతో చేసిందేనని మొదటిసారి తెలిసింది. "నీ పెట్టె మంచిదేరా" అంటే ధనంజయ ఇంకా తేరుకోలేదు.

జపమాల దేవుడి గూట్లో పెట్టేశాను. ఈ పొద్దు ఊరికే బూరాను వంటింటివైపు తిప్పితే పంకజాక్షి ఎవరితోనో అంటోంది: "ఇన్నాళ్లూ ముసలామెది దొంగజపమే!"

"అవునే కోడలా" అని పలికాను.

గరిటె కిందపడిన చప్పుడు కూడా చక్కగా వినపడింది.

నీ అక్క
ఆనందమ్మ