అట్టపెట్టెలో తుప్పు మనిషి

ఖఫ్జీ,
శుక్రవారం, 19 డిసెంబర్ 2025.

సౌభాగ్యవతి ఊర్మిలకు,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ పిల్లలూ కుశలమని తలుస్తాను. సోమవారం ఊరికి వస్తున్న నా గదివాడు యాదగిరి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోనులో చెబితే సగంలోనే కోపం వచ్చి పెట్టేస్తావు. కాగితాన్నయితే చివరిదాకా చదువుతావు.

మొదట జరిగినది వరుసగా:

1. వచ్చే నెల నాతో రావలసిన అట్టపెట్టెను గదిలో అందరి ఎదుట తూచాము. బరువు మించింది.
2. యాదగిరి నన్ను అడగకుండానే నా బొమ్మల పుస్తకాలు తీసి మంచం మీద పడేశాడు. చలికి కప్పుకునే మందపు దుబ్బటి మాత్రం ఉంచాడు.
3. నేను దుబ్బటి తీసి, పుస్తకాలు మళ్ళీ సర్ది, టేపు వేసి, తాడు కట్టాను.

గదంతా నవ్వులు. సౌదీ నుంచి దుబ్బటి లేకుండ పోతె పనిలకెల్లి ఎల్లగొట్టిన్రనుకుంటరు గదనే అన్నా, అని యాదగిరి. మా కడప డ్రైవర్ చాంద్ బాషా అయితే, పోనీలేప్పా, చలేస్తే ఆ పుస్తకాలే కప్పుకుంటాడు, అన్నాడు. దమ్మాం వెళ్ళినప్పుడల్లా వాటిని వెతికి తెచ్చిపెట్టేదీ అతడే.

నువ్వేమంటావో తెలుసు. నలభై ఐదేండ్లొచ్చినా ఎగిరే మనుషుల బొమ్మలేనా అంటావు. సరళకు తెస్తనన్న దుబ్బటి లేకుంటే ఆమె ముంగట నా మొఖం ఏడ పెట్టుకోవాలె అంటావు. సరళ నా తోడబుట్టింది. దానికి జవాబు నేను చెప్పుకుంటాను.

ఏటా డిసెంబరులో, ఆ ఏడు చదివిన వీరుల సంపుటాల్లో మేలైనవి ఎంచడం నా అలవాటు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చిన ఇంగ్లీషు గనుక ఆలస్యంగా చదువుతాను, కానీ ఏ బొమ్మనూ వదలను. ఈసారి నిలిచినవి మూడే.

మొదటిది 'తుప్పు మనిషి'. ఇనుప ఒళ్ళున్న వీరుడు సముద్రపు ఊరిని కాపాడాలి. ఉప్పుగాలి తగిలితే కీళ్ళు పట్టేస్తాయి. ఈ ఊళ్ళో తుప్పు పట్టిన ఏసీలు విప్పే నాకు ఆ బాధ ఒకరు చెప్పనక్కరలేదు. ఒక అధ్యాయం పొడుగునా మాటే లేదు. నూనె డబ్బా కోసం అతడు మెట్లు దిగుతూనే ఉంటాడు. అంత ధైర్యంగా మౌనంగా ఉన్న పేజీలు నేనింకెక్కడా చూడలేదు.

'ఉరుము అవ్వ' రెండోది. ఎగరబోయే ముందు మోకాళ్ళు పట్టుకుని దేవుణ్ణి తిట్టే ముసలమ్మ. దొంగను కొట్టదు; ఇంటికి లాక్కెళ్ళి అన్నం పెట్టి, చెయ్యి కడుక్కున్నాక చీవాట్లు పెడుతుంది. తెలుగు చేసి వినిపిస్తే యాదగిరి కూడా, మా ముసలవ్వ ముత్యవ్వ గూడ గిట్లనే, అని దగ్గరికి జరిగాడు.

'గాజు నగరం' రంగులు గొప్పవి, ముగింపు తొందరగా చుట్టేశారు. అయినా పెట్టెలో పెట్టాను. తగవు పడడానికి కూడా ఒక పుస్తకం ఉండాలి.

నా నిర్ణయం మారదు. దుబ్బటి చాంద్ బాషాకు ఇచ్చేశాను.

ఇట్లు,
నీ హన్మాండ్లు

తా.క.: సెలవు మీద వస్తున్నానని ఇన్నాళ్ళూ చెప్పాను. అది నిజం కాదు. కొలువు మానుకుని పూర్తిగా వచ్చేసే ఫైనల్ ఎగ్జిట్ నేనే అడిగి తీసుకున్నాను. ఎవరూ వెళ్ళగొట్టలేదు, కంపెనీ ఉండమనే అంది. పదహారేళ్ళు ఎవరెవరి గదులో చల్లబరిచాను. ఇక చాలు. కోరుట్లలో మీ తమ్ముడు సదానందం దుకాణం పక్క మడిగె అద్దెకు మాట్లాడి ఉంచాను. పగలు ఏసీ రిపేర్లు. సాయంత్రం అదే గదిలో ఎవరైనా కూర్చుని చదువుకునే బొమ్మల పుస్తకాలు. సదానందాన్ని తిట్టకు, నీకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నది నేను. నీకు నచ్చకపోతే నా ఎదుటే తిట్టు, కూర్చుని వింటాను. మళ్ళీ వీసా మాత్రం తీయను. బోర్డు మీద పేరు ఇంకా రాయించలేదు. అది నువ్వు పెట్టాలి.

సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు.
గుండేటి హన్మాండ్లు