ఆకుపచ్చ టేపు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నేనొక ఖరీదైన ఫోన్ కొన్నాను. నువ్వుంటే "గేటుకాడ డబ్బల పడుండేదానికి గంత ధరెందుకే?" అని కసిరేవాడివి.

ఏంచేయను, నీ చవక ఫోన్‌తో తీసిన ఫొటోల్లో నీ ముఖం మసకగానే ఉంది. అమ్మ కొంగుతో ఆ ఫోన్‌ను తుడిచి తుడిచి చూస్తుంది.

నువ్వు పనిచేసిన ఫ్యాక్టరీలోనే, ల్యాబులో నాకు పని దొరికింది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరుగా, ఈ ఉదయం నాదీ గేటు దగ్గరి పెట్టెలోనే పెట్టాను. రోజంతా అందులోనే పడుంది. నీ మాటే నిజం.

సాయంత్రం నాదే అనుకుని ఇంకెవరిదో నల్ల ఫోన్ తీసుకుని ఇస్నాపూర్ ఆటో ఎక్కబోయాను. వాచ్‌మన్ కేకేసి ఆపాడు.

"మీ అన్న గూడ మొదటిరోజు గిట్లనే చేసిండు బిడ్డా. అందుకే ఫోనుకు టేపు సుట్టుకున్నడు."

నీ కరెంటు పని సంచిలో ఆ ఆకుపచ్చ టేపు ఇంకా మిగిలే ఉంది. దుకాణంవాడు ఈ ఫోన్ వెనకున్న అద్దాన్ని చూపించే అంత ధర చెప్పాడు. ఆ అద్దం మీదే నీ టేపు రెండు చుట్లు చుట్టాను.

కెమెరాను మాత్రం మూయలేదు.