మీసాల చేపలకు ఇసుక పరుపు

చిరంజీవి తమ్ముడికి,

నీ తోడల్లుడు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ కులాసాయేనని మామగారి మాటల్ని బట్టి తెలిసింది.

మొన్న ఆదివారం ఆయన మీ ఇంటి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టారు. "చిన్నల్లుడి ఇంట్లో అక్వేరియం చూశావటయ్యా? అడుగున తెల్లటి సన్న ఇసుక! ఆ మీసాల చేపలు అందులో మూతులు దూర్చి ఆడుకుంటుంటే గంటసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను" అన్నారు. తరవాత మా తొట్టి దగ్గరకొచ్చి, అడుగునున్న రంగురాళ్లు చూసి, "ఇదేమిటి, లోపల రోడ్డు వేయిస్తున్నావా?" అన్నారు.

నేను నవ్వాను. ముప్పై ఏళ్లుగా దర్జీపని చేస్తున్నవాణ్ణి, మూతికి కుట్టు వేసుకోవడం నాకు తెలుసు.

నాకేం అసూయ లేదు. నేనలాంటి మనిషిని కాను. కానీ మా నాలుగు చేపలకీ మీసాలు రోజురోజుకీ అరిగిపోతున్నాయి. ఒకదాని మూతి అయితే గడ్డం గీయించుకొచ్చినట్టు నున్నగా ఉంది. ఆ రాళ్ల మొనలు తగిలే అనుకుంటాను. అందుచేత ఇసుక సంగతి కాస్త వివరంగా రాయి.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క.: మీ తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాయి. ఊరికే అడిగాను.

*

పూజ్యులైన అన్నయ్యగారికి,

నమస్కారాలు. రాళ్లు వెంటనే తీసేయండి. ఆ చేపలు అడుగున తిండి వెతుక్కునే రకం. వాసనా రుచీ అన్నీ వాటికి మీసాలతోనే. అవి అరిగిపోతే మూతి ముందు పడ్డ మేత కూడా దొరకదు.

ఇల్లు కట్టే ఇసుక వద్దు, గరుకు. సముద్రపు ఇసుకా వద్దు, అందులో గవ్వల పొడి ఉంటుంది, నీటి గుణం మారిపోతుంది. నీళ్లు వడకట్టే పెద్ద ఫిల్టర్లలో వాడే సన్న ఇసుక తెచ్చుకోండి. అరచేతిలో వేసి రుద్దితే గీసుకోకూడదు. బకెట్లో వేసి నీళ్లు తేటపడేదాకా కడగండి. తొట్టిలో పోసేటప్పుడు అక్కడి ఫిల్టర్ ఆపేయండి. రెండు వేళ్ల మందం చాలు.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క.: మా తొట్టీ మీ తొట్టంతే. ఇసుక తెల్లగా ఉండటం వల్ల పెద్దగా కనిపిస్తుంది.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. కడగమన్నావు, కడిగాను. పంతొమ్మిదో బకెట్టు కూడా పాలలాగే ఉంది. మీ ఇసుక అంత తెల్లగా ఎలా ఉందో ఆలోచిస్తే, నువ్వేదో దాచావని అనుమానం వచ్చింది. కిటికీలో చొక్కాలకు పెట్టే నీలిమందు సీసా కనబడింది. నాలుగు చుక్కలు వేశాను.

మీ వదిన వచ్చి చూసింది. "చేపల కోసమా, ఇస్త్రీకా?" అని బకెట్టు లాక్కుంది. ఆ ఇసుక పారబోయించి, మళ్లీ కొత్తది తెప్పించి, తనే కడిగింది. నేను పక్కన కుర్చీ వేసుకుని పర్యవేక్షించాను. తను అరగంటలో తేల్చేసింది. చిన్న చిన్న వాయిలుగా వేసి, చేత్తో తిప్పుతూ కడగాలిట. ఆ ముక్క నువ్వు రాయలేదు.

మందం మాత్రం నేనే కొలిచాను. ఒక వేలు నిలబెట్టి, దాని మీద ఇంకో వేలు నిలబెట్టి, రెండు వేళ్లూ మునిగేదాకా పోశాను. తొట్టిలో సగం ఇసుకే. చేపలు పైఅంతస్తులో కాపురం పెట్టాయి. వచ్చి చూడమని మామగారికి కబురు పెట్టాను.

నీ అన్నయ్య

తా.క.: మీ ఇసుక ఇంత ఎత్తున ఉందని మామగారు చెప్పలేదే! ముసలాయనకు చూపు తగ్గినట్టుంది.

*

అన్నయ్యగారికి,

నమస్కారం. కొంప మునిగింది. వేళ్లు పడుకోబెట్టి కొలవాలండీ, నిలబెట్టి కాదు! అంత మందంగా పోస్తే అడుగున గాలాడక నల్లబడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన పుడుతుంది. అది చేపలకు ప్రమాదం. ముందు వాటిని ఆ తొట్టి నీళ్లతోనే బకెట్లోకి మార్చండి. ఆ తరవాతే ఇసుక కదపండి.

మీ తమ్ముడు

తా.క.: దయచేసి ఈ వారం మామగారిని పిలవకండి.

*

శ్రీయుత చిన్నల్లుడుగారికి,

మామగారిని పిలవొద్దా? ఇప్పుడు అర్థమైంది తమరి ఎత్తు! నా తొట్టి ఆయన కళ్లబడకూడదు, మెప్పంతా నీకొక్కడికే దక్కాలి. అందుకే ఇసుక తీసేయమన్నావు. నేను తియ్యలేదు.

మామగారు వచ్చారు. దిండు వేసి మరీ కూర్చోబెట్టాను. మీసాల చేపలు ఎలా ఆడుకుంటాయో చూపిద్దామని స్కేలుతో ఇసుక కాస్త కదిపాను. పెద్ద బుడగ ఒకటి లేచింది. ఆ వాసన నేను రాయలేను, నువ్వు చదవలేవు. మామగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇంట్లో ఏదో చచ్చినట్టుంది, వెతికించు నాయనా" అంటూ వెళ్లిపోయారు.

మీ వదిన చేపల్ని బకెట్లోకి మార్చింది. మూడు బాగానే ఉన్నాయి. ఆ మీసం లేనిది పక్కకి ఒరిగి పడుకుంది. అది నా చేతిలోని మేత తినేది. దానికేమైనా అయితే మన రాకపోకలు ఇంతటితో సరి.

ఇట్లు,
పెద్దల్లుడు

తా.క.: దాన్ని ఎలా బతికించాలో తిరుగు టపాలో రాయి. కోపం కోపమే.

*

అన్నయ్యగారికి,

బకెట్లో గాలి బుడగల మోటారు పెట్టండి. రోజూ సగం నీళ్లు మార్చండి. తొట్టిలో ఇసుక మళ్లీ కడిగి, రెండు వేళ్లు పడుకోబెట్టినంతే వేయండి. నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద పళ్లెం పెట్టి, దాని మీద పోయండి, గుంట పడదు. వారానికోసారి ఇసుకని వేలితో నెమ్మదిగా కదపండి. చెత్త లాగే గొట్టాన్ని లోపలికి గుచ్చకుండా పైపైన ఆడించండి.

తిట్టాలనుకున్నవి దాచి ఉంచండి. చేప లేచాక తీరిగ్గా తిడుదురుగాని.

మీ తమ్ముడు

*

తమ్ముడికి,

ఆశీస్సులు, రెట్టింపు. చేప లేచింది! మూడు వారాలకి చిన్న మొలకల్లా మీసాలు కూడా మొలిచాయి. మొన్న పాత నీళ్లు తీసి చల్లటివి పోసిన మర్నాడు అద్దం నిండా గుడ్లు! గుడ్డుకో గుండుసూది పక్కన పెట్టుకుంటూ లెక్కపెట్టాను. అరవై రెండు.

మామగారు వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. నీ దగ్గర గంటే కదూ?

నీ మీద అనుమానపడ్డందుకు మన్నించు. నువ్వు ఉత్తముడివి.

నీ అన్నయ్య

తా.క.: మీ చేపలు ఎప్పుడైనా గుడ్లు పెట్టాయా? పెట్టకపోతే బాధపడకు. అందరికీ అన్నీ రావు.

*

బావగారికి,

మీ మరదలు నమస్కరించి రాయునది. ఈ ఉత్తరమే కాదు, ఇప్పటిదాకా మీకొచ్చిన జవాబులన్నీ నేనే రాశాను.

మీ తోడల్లుడు రైలు గార్డు కదా, మొన్నటిదాకా మూడు నెలలు శిక్షణకి వేరే ఊళ్లో ఉన్నారు. ఆ అక్వేరియం నాది. అందులో ఎన్ని చేపలున్నాయో కూడా ఆయనకు తెలీదు. నా పేరుతో రాస్తే మీరు వినరని అక్కే ఆయన పేరుతో రాయమంది. వాయిలుగా కడగాలని తనకి చెప్పిందీ నేనే.

మీరు మా ఆయన్ని చూసి కుళ్లుకున్నారు. నేనూ కుళ్లుకున్నాను బావగారూ. నాన్న గంటసేపు తొట్టి ముందు కూర్చుని, లేచి వెళ్తూ, "అల్లుడికి ఎంత ఓపికమ్మా!" అన్నారు. నా చేతులు అప్పుడు మోచేతులదాకా ఆ నీళ్లలోనే ఉన్నాయి.

మీ అరవై రెండు గుడ్ల కబురు చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మూడేళ్లుగా చూస్తున్నాను, నా చేపలు ఒక్కటి పెట్టలేదు. చేపపిల్లలు పెద్దయ్యాక నాకు నాలుగు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నాన్న ఎదుట నా పేరు చెప్పి ఇవ్వండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: ఆయన నిన్న ఇంటికొచ్చి ఈ ఉత్తరాలన్నీ చదివారు. మీరు 'నువ్వు ఉత్తముడివి' అని రాసిన చోట రెండుసార్లు చదివి, సాయంత్రానికల్లా సొంతంగా తొట్టి కొనుక్కొచ్చారు. అడుగున గోళీలు పోస్తారట. నా మాట వినడం లేదు. మీరు అన్నయ్య కాబట్టి వింటారేమో, మీ పేరుతో ఒక ఉత్తరం రాసిపెట్టాను. దీనితో పంపుతున్నాను, సంతకం చేసి తిరిగి ఆయనకు పంపండి.